కుట్లత్త చెయ్యి

ఆ వేసవిలో మా అన్న మా అత్త కుడిచెయ్యి విరగ్గొట్టాడు. అన్న అంటే నా తోడబుట్టినవాడు. అత్త అంటే నా మొగుడి తల్లి. నువ్వు ఎవరి పక్షమే అని ఆ వేసవంతా నన్ను అడగని మనిషి లేడు. జరిగింది మాత్రం చెబుతాను.

మేమంతా అద్దాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. అన్నదీ నా మొగుడిదీ మోత పని. నిలువెత్తు అద్దపు పలకల్ని ఇద్దరిద్దరు పట్టుకుని కొలిమి షెడ్డు నుంచి కోత బల్ల దాకా, అక్కణ్ణించి లారీ దాకా మోసేవాళ్లు. నేనూ మా వదినా అంచులు అరగదీసే బల్ల దగ్గర. అద్దం పగిలిందంటే ఎవరికో ఒకరికి తెగినట్టే.

తెగినవాడు ఆసుపత్రికి పోడు. అది అక్కడి అలవాటు. ఆసుపత్రికి పోతే సంగతి మేనేజరు దాకా వెళ్తుంది. మేనేజరు వాణ్ణి అజాగ్రత్త మనిషి కింద లెక్కగట్టి, మోత నుంచి తీసి చీపురు చేతికిస్తాడు. అందుకని తెగినవాడు చేతికి గుడ్డ చుట్టుకుని, గేటు దాటగానే మొదటి సందులో ఉన్న మా ఇంటికి వచ్చేవాడు. మా అత్త కుట్టేది.

ఆవిడ వయసులో ఉండగా ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసింది. డాక్టర్లు కుడుతుంటే పక్కన పళ్లెం పట్టుకుని నిలబడి చూసి నేర్చుకుంది. సందులో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ కుట్లత్తే.

ఎండలు ముదరకముందు ఒక మధ్యాహ్నం నిచ్చెనను మోసుకొచ్చారు. మనిషి పొడుగు కాబట్టి ఆ పేరు. మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా తెరుచుకుంది. లోపల తెల్లగా కనిపిస్తోంది. అన్న వాణ్ణి మా వసారాలో పడుకోబెట్టి, రొమ్ము మీద మోకాలు ఆనించి అదిమిపట్టాడు.

"నా చెయ్యి ఉందా అత్తా?" అని అరిచాడు నిచ్చెన.

"ఉంది. లేకపోతే దేన్ని కుడతాను? కదలకు."

"చొక్కా గుండీ కూడా ఊడిందత్తా. పనిలో పని, అదీ కుట్టెయ్," అన్నాడు అన్న.

"ముందు నీ నోరు కుడతాను, ఉండు."

అత్త స్టీలు డబ్బా తెరిచింది. తిమ్మిరి మందు సీసా, ప్లాస్టిక్ సిరంజి, స్పిరిట్‌లో మునిగిన కుట్టు సూది. సిరంజికి ఉన్న పాత సూది పీకి కొత్తది తొడిగింది. ఆ విషయంలో ఆవిడకి చాలా పట్టింపు. ఒకరికి మందు గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చేది కాదు. సూది మార్చేది, సిరంజి గొట్టం మార్చేది కాదు.

"గొట్టం ఎవరి ఒంటికీ తగలదు కదే," అనేది నాతో. "తగిలేది సూదేగా."

నిచ్చెన అరిచాడు, కాళ్లు కొట్టుకున్నాడు, మా తలుపుకి ఒక తన్ను తన్నాడు. మందు పట్టాక మెత్తబడ్డాడు. అత్త దారం కొస తెంపి, ఎప్పుడూ అనే మాటే అంది.

"అయిపోయింది. తర్వాతెవరు?"

తర్వాత ఎవరూ లేరు. అది ఆవిడ ఊతపదం.

వేడినీళ్ల గిన్నె పట్టుకుని మా వదిన గుమ్మంలో నిలబడి ఉంది. అత్త ఆమె ముఖం వైపు చూసింది.

"నీ కళ్లేంటే అలా పచ్చబడ్డాయి?"

"నిద్ర లేదత్తా. ఈ ఎండలు."

గిన్నె అందుకుంటుంటే వదిన అరచేతిలో పాత మచ్చ కనిపించింది. పెళ్లికి చాలా ముందు, పనిలో చేరిన కొత్తలో తెగిన చెయ్యి అది. కుట్టింది మా అత్తే.

*

ఎండలు ముదిరేసరికి వదిన పాదాలు ఉబ్బాయి. తర్వాత పొట్ట ఉబ్బింది. ఒకరోజు పొద్దున బల్ల దగ్గర అద్దం అంచు రుద్దుతూ రుద్దుతూ పక్కకి వంగి కక్కుకుంది. రక్తం అంత నల్లగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. బల్ల మీది తడి అద్దమంతా పాకింది. అన్న షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చి ఆమెని భుజానేసుకున్నాడు. దారి పొడుగునా అతని వీపు మీద కక్కుతూనే ఉంది.

నగరంలో పెద్దాసుపత్రి. డాక్టరు కుర్రవాడు. వదిన కళ్లు విప్పి చూశాడు, పొట్ట తట్టి చూశాడు, రక్తం పరీక్షకి పంపాడు. సాయంత్రానికి మమ్మల్ని పిలిచాడు.

"హెపటైటిస్ సి. రక్తంలోంచి అంటుకునే జబ్బు. ఏళ్ల తరబడి లోపలే ఉండి కాలేయాన్ని తినేసింది," అన్నాడు. "దీనికిప్పుడు మాత్రలున్నాయి. మూడు నెలలు వేసుకుంటే చాలామందికి పూర్తిగా పోతుంది. ముందే ఎందుకు రాలేదు?"

"ఉందని తెలిస్తే కదా రావడానికి," అన్నాడు అన్న. "మాకెవరు చెప్పారు?"

డాక్టరు చీటీలో ఏదో రాసుకున్నాడు. "ఎప్పుడైనా ఆసుపత్రి కాని చోట ఇంజెక్షన్ చేయించుకుందా? కుట్లలాంటివి?"

అన్న నా వైపు తిరిగాడు. నేను నేల వైపు చూశాను.

వదిన ఆ వారమే పోయింది. చివరి రోజు ఎవర్నీ పోల్చుకోలేదు. గొంతులోకి గొట్టం దించుతుంటే నర్సు చెయ్యి కొరికింది. ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు, అన్న భుజాలు పట్టుకున్నాడు. అలా అదిమిపట్టి ఉండగానే ఊపిరి ఆగింది. ఆగిన సంగతి తెలియక అన్న ఇంకా కాసేపు అలాగే పట్టుకున్నాడు.

*

వదిన చావుతో ఆసుపత్రివాళ్లకి మా సందు సంగతి తెలిసింది. గేటు ముందు ఒక వ్యాను ఆగింది. అందులో నడివయసు నర్సు, ఆవిడ ముందు చిన్న బల్ల. వేలు పొడిచి ఒక చుక్క రక్తం తీసి ప్లాస్టిక్ పట్టీ మీద వేసేది. ఒక గీత వస్తే లేనట్టు. రెండు వస్తే ఇంకో పరీక్ష చెయ్యాలి.

"రెండు గీతలు!" అని పట్టీ పైకెత్తి చూపించాడు నిచ్చెన. "కవలలేమో చూడండమ్మా."

వరసంతా నవ్వింది. వాడి వెనకవాడికీ రెండు గీతలే వచ్చాయి. ఆ వెనకవాడికీ అంతే. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఫ్యాక్టరీ గార్డు ఒకడు వ్యాను పక్కనే నిలబడి, ఎవరికి ఏం వస్తోందో చూస్తూ ఉన్నాడు. వాణ్ణి మేనేజరు పంపాడని మాకు మర్నాడు పొద్దున తెలిసింది. రెండు గీతల వాళ్లని గేటు దగ్గరే ఆపేశారు. నిచ్చెన లోపలికి తోసుకుపోబోతే గార్డు లాఠీతో నోటి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. నిచ్చెన రక్తం ఉమ్మితే గార్డు చొక్కా మీద పడింది. ఆ గార్డు ఒంటికి నిప్పంటుకున్నట్టు అరిచి, అక్కడికక్కడే చొక్కా విప్పి పారేశాడు.

ఆ పొద్దు నుంచి వ్యాను దగ్గరికి ఎవరూ పోలేదు.

గేటు బయట మిగిలినవాళ్లు ఎండలో నిలబడి ఒకరి ఒళ్లు ఒకరు చూసుకున్నారు. నీకెక్కడ కుట్టు? నాకిక్కడ. నీకు? మోకాలి మీద. నీకు? బొటనవేలి మొదట్లో. కుట్టు లేనివాడు ఒక్కడూ లేడు. అన్న కూడా అక్కడే ఉన్నాడు. పరీక్ష చేయించుకోలేదు, వదిన పోయిన దగ్గర్నుంచి పనికీ పోవడం లేదు. అంతా విన్నాడు. విని, షెడ్డులో చట్రాలు బిగించే కర్ర సుత్తి ఒకటి ఎవరి చేతిలోదో లాక్కుని మా సందు వైపు నడిచాడు. వెనక యాభై మందికి తక్కువ లేరు.

నేను వసారాలో గిన్నెలు తోముతున్నాను. అత్త గడప మీద కూర్చుని స్టీలు డబ్బా తుడుస్తోంది. మొదటి రాయి కిటికీకి తగిలింది. రెండోది నా భుజానికి.

"పక్కకి తప్పుకోవే," అన్నాడు అన్న నాతో.

"అన్నా, ఏంటన్నా ఇది? అత్త—"

జుట్టు పట్టుకుని నన్ను పక్కకి విసిరాడు. తల గోడకి తగిలింది. లేచేసరికి ఇంట్లోకి జొరబడ్డారు. అల్మరా అద్దం బద్దలైంది. ఎవరో స్పిరిట్ జాడీని నేలకేసి కొట్టారు, వాసన గుప్పుమంది. మా ఎదురింటి పిన్ని, పోయిన ఏడాది కాలు కుట్టించుకున్న మనిషి, అత్త జడ పట్టి లాగి వసారాలో పడేసింది. అత్త అరవలేదు. "ఏమైందో చెప్పండ్రా, ముందు ఏమైందో చెప్పండి," అంటూనే ఉంది.

"నా పెళ్లాన్ని చంపావు," అన్నాడు అన్న.

"నేనా?"

"నువ్వే. ఈ చేత్తోనే."

ఆవిడ కుడిచెయ్యి పట్టి గడప మీద పెట్టి, మణికట్టు మీద కాలేసి తొక్కిపట్టాడు. సుత్తి మూడుసార్లు దించాడు. మొదటి దెబ్బకి అత్త అరిచింది. రెండో దెబ్బకి ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. మూడో దెబ్బకి ఏ చప్పుడూ లేదు.

నా మొగుడు సందు మొగలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. గుంపులోంచి దూరి, నేల మీద పడి ఉన్న అల్మరా అద్దం పెంకు ఒకటి తీసుకున్నాడు. మోత పనివాడు, పెంకుని ఎలా పట్టుకోవాలో వాడికి తెలుసు. అన్న గొంతుకి గురిపెట్టాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమ ముంజేయి అడ్డంగా చీలింది.

రక్తం గోడ దాకా చిమ్మింది. గుంపు వెనక్కి తగ్గింది. అప్పుడొకటి జరిగింది. అందరూ ఒక్కసారే, ఎన్నేళ్లుగానో అలవాటైన చూపుతో, అత్త వైపు తిరిగారు. "అత్తా, తొందరగా—" అన్నాడు నిచ్చెన, పళ్లు ఊడిన నోటితో. అని, ఆగిపోయాడు.

నేను కొంగుతో అన్న చెయ్యి పట్టుకోబోయాను.

"ఉత్త చేతుల్తో ముట్టుకోకే!" అని నేల మీంచి అరిచింది అత్త. "సంచులు తొడుక్కో. ప్లాస్టిక్ సంచులు. పైన నొక్కిపట్టు, ఇంకా పైన!"

చేతులకి సంచులు తొడుక్కుని నొక్కిపట్టాను.

ఆసుపత్రికి ఒక్కటే బండి దొరికింది. వెనక సీట్లో ఒక చివర అన్న, ఒక చివర అత్త, మధ్యలో నేను. నా మొగుడు డ్రైవరు పక్కన కూర్చుని, వెనక్కి తిరిగి దారంతా ఒకటే మాట అంటున్నాడు. "చంపేస్తాను బావా. ఇవాళ కాకపోతే రేపు." అన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. అత్త చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు ఎటువైపుకి ఉండాలో అటు లేవు.

ఆసుపత్రిలో పోలీసు వచ్చి అడిగాడు.

"అద్దం జారి తెగింది," అన్నాడు అన్న. ఫ్యాక్టరీలో అందరం చెప్పే మాటే అది.

"గడప తట్టుకుని పడ్డాను," అంది అత్త.

పోలీసు ఇద్దర్నీ చూశాడు, నన్ను చూశాడు. "మీ ఇంట్లో గడపలూ అద్దాలూ బాగా పగబట్టాయే," అనేసి వెళ్లిపోయాడు.

*

అత్త చేతికి కట్టు కట్టిన మర్నాడు వ్యాను నర్సు వార్డులోకి వచ్చింది. మంచం అంచున కూర్చుని, అత్త ఎలా కుట్టేదో, మందు ఎలా ఎక్కించేదో మొదటి నుంచీ అడిగింది. అత్త అన్నీ చెప్పింది. సూది మార్చేదాన్ని అని రెండుసార్లు చెప్పింది.

నర్సు లేచి వెళ్లి ఒక సిరంజి, ఒక గ్లాసులో నీళ్లు, ఎర్ర సిరా పట్టుకొచ్చింది. సిరాలో సూది ముంచి, పిస్టన్ కొంచెం లాగి, మళ్లీ నెట్టేసింది. సూది పీకి కొత్తది తొడిగింది. ఆ కొత్త సూదిని నీళ్లలో పెట్టి నెట్టింది. నీళ్లలోకి గులాబీ రంగు తీగ ఒకటి దిగింది.

అత్త ఆ గ్లాసు మీదికి వంగింది.

"మళ్లీ చెయ్యి," అంది.

నర్సు ఇంకో కొత్త సూది తొడిగి మళ్లీ నెట్టింది. ఈసారి రంగు తగ్గింది. అయినా ఉంది.

"మందు సీసాలోకి కూడా ఇలాగే దిగుతుందా?"

"దిగుతుంది."

అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం నర్సు మళ్లీ వచ్చినప్పుడు లేచి కూర్చుంది.

"మాత్రలున్నాయన్నావు. మరి ఎందుకివ్వరు?"

"ఇస్తారు, ఉచితంగానే. కానీ నగరంలో ఇస్తారు. పరీక్షకి ఒకసారి, ఫలితానికి ఒకసారి, మందుకి నెలనెలా పోవాలి. మీవాళ్లు పోగలరా?"

"రెండుసార్లు పనికి రాకపోతే మూడోసారి రావద్దంటారు."

"అదే కదా. గేటు దగ్గర ఒక గది ఉంటే ఇక్కడే ఇవ్వచ్చు. రోజూ డాక్టరు కూడా అక్కర్లేదు, మింగే మాత్రలే. పైవాళ్లని అడిగాను. అక్కడ పరీక్షకే ఎవరూ రావట్లేదు, మందు ఎవరికి పంపమంటావు, అన్నారు."

"వస్తే పంపుతారా?"

"నా చేతిలో అంతమంది పేర్లు ఉంటే, పంపేదాకా వాళ్ల గుమ్మంలోంచి లేవను."

"నేను పిలుచుకొస్తాను," అంది అత్త.

నర్సు కట్టు వైపు చూసింది. "మిమ్మల్నే ఇలా చేశారే. మళ్లీ వాళ్ల దగ్గరికా?"

"ఎవరికి ఎక్కడ కుట్టానో వాళ్లకంటే నాకే బాగా తెలుసు."

ముందు తన కొడుకునే లాక్కెళ్లింది. నా మొగుడి పాదానికి ఆవిడ కుట్టిన కుట్టు ఉంది. రెండు గీతలు వచ్చాయి. నాకు కుట్టు లేదు, ఒకటే గీత వచ్చింది. అత్తకి రెండు. కుడుతూ కుడుతూ తన వేలికీ ఎన్నిసార్లు గుచ్చుకుందో అంది.

*

కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని ఆవిడ సందులు తిరగడం మొదలుపెట్టింది. నేను వెనకాలే. ఎవరి గుమ్మం ముందైనా నిలబడి చెప్పేది: "నీకు ఎడం మోకాలి మీద కుట్టాను. పరీక్ష చేయించుకో. నా వల్లే వచ్చుండచ్చు. మందుంది, నయమవుతుంది. పక్కన పడుకుంటే, కంచం పంచుకుంటే అంటదు, పిల్లల్ని దూరం పెట్టకు."

మొదటి రోజు నిచ్చెన పెళ్లాం మురికినీళ్లు కుమ్మరించింది. ఇంకో ఇంట్లో కుక్కని వదిలారు. ఒకడు చెప్పు విసిరితే అత్త ముఖానికి తగిలింది. అత్త ఆ చెప్పు తీసి వాడి గుమ్మంలోనే పెట్టి, "నీకు కుడి బొటనవేలు. గుర్తుందా, ఏడ్చావు," అంది. వాడు తలుపేసుకున్నాడు. మర్నాడు పొద్దున వాడు వ్యాను దగ్గర ఉన్నాడు.

"ఇది నా కుట్టు కాదు," అనేది ఒక్కోసారి, మచ్చ మీద వేలు పెట్టి. "ఎవడో దొంగచేతివాడు వేశాడు. అయినా చేయించుకో."

అన్న ఇల్లు మూడో సందు చివర. నేను వద్దన్నాను. నా మొగుడైతే ఆ గడప తొక్కితే ఇంటికి రావద్దన్నాడు. "ఏ ఇల్లురా నీది? నా ఇల్లు," అని అత్త బయల్దేరింది.

అన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చేతికి ఆసుపత్రి కట్టు. కళ్లలో తెలుపు మాసింది. నెల కింద వదిన కళ్లు అలాగే మాసాయి.

"అన్నా, ఒక్క చుక్క రక్తం. నీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాను.

"నాకేం లేదు."

"వదినకీ ఏం లేదనే అన్నావు."

"దాన్ని ఈవిడ కుట్టింది. నన్ను కుట్టలేదు." సందులో జనం పోగయ్యారు. అన్న గొంతు పెంచాడు. "చూడండ్రా! నా ఒంటి మీద ఈవిడ కుట్టు ఒక్కటుంటే చూపించమనండి. ఉంటే ఈవిడ కాళ్లు కడుగుతాను!"

జనం అత్త వైపు చూశారు. ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి, తన చెవి వెనక జుట్టు ఒకసారి సర్దుకుంది. వెనక్కి తిరిగి పక్కింటి వైపు నడిచింది.

అన్న చెయ్యి తనంతట తనే చెవి వెనక్కి పోయింది. సగం దారిలో ఆగింది. దించేసి తలుపు వేసుకున్నాడు.

"ఏంటత్తా అది?" అన్నాను దారిలో.

"నీకెందుకే? వాడికి తెలుసు."

మర్నాడు మధ్యాహ్నం, ఎండకి వ్యాను దగ్గర ఎవరూ లేనప్పుడు అన్న వచ్చాడు. కుట్లు ఎక్కడైనా ఉన్నాయా అని నర్సు అడిగింది. అన్న తల వంచి, ఎడమ చెవి వెనక జుట్టు పక్కకి తీశాడు. తోడబుట్టినదాన్ని, ఆ మచ్చ నేనెప్పుడూ చూడలేదు. పనిలో చేరిన కొత్తలో తాగి షెడ్డుకి పోయి ర్యాకు మీంచి పడ్డాడట. తాగినట్టు తెలిస్తే ఆ రోజే బయటికి పంపేవాళ్లు. ఎవరికీ చెప్పకు అత్తా అన్నాడట. ఆవిడ చెప్పలేదు. సుత్తి దెబ్బలప్పుడూ చెప్పలేదు, సందంతా చూస్తున్నప్పుడూ చెప్పలేదు.

రెండు గీతలు వచ్చాయి. నగరానికి పంపిన రక్తంలోనూ జబ్బు ఉంది.

"కాలేయం ఇంకా నిలబడే ఉంది," అంది నర్సు నాతో, వాడు వినకుండా. "ఇప్పుడు మొదలుపెడితే నిలుస్తాడు. ఆలస్యమైతే నేను చెప్పలేను."

*

పేర్లు తీసుకుని నర్సు నగరానికి పోయింది. మందు పంపుతామన్నారు, గది చూపించమన్నారు. గేటు లోపల మందుల గది ఒకటి ఎన్నాళ్లుగానో తాళం వేసి ఉంది. మేనేజరు తాళం తియ్యనన్నాడు. ఈ జబ్బుని ఫ్యాక్టరీలోకి రానివ్వనన్నాడు.

పనివాళ్లంతా పని ఆపేశారు. రెండు గీతల వాళ్లు ఎలాగూ గేటు బయటే ఉన్నారు, ఒక గీత వాళ్లూ బయటికి వచ్చేశారు. నాలుగో రోజు పొద్దున అన్న, నిచ్చెన, ఇంకో ఆరుగురు గేటు దగ్గర ఆగిన లారీ మీంచి అతి పెద్ద పలక దింపి, గేటుకి అడ్డంగా నిలబెట్టి, దాని వెనక నిలబడ్డారు. పగలగొడితే మీ సరుకే, అన్నారు. పలక చివర పట్టుకునే మనిషి చాలక అన్న ఒక కేక వేశాడు. నా మొగుడు పోయి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

గార్డులు వచ్చారు. లాఠీ దెబ్బకి పలక పైనుంచి కింది దాకా విరిగి మోతవాళ్ల మీద పడింది. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేను. ఒక గార్డు కిందపడితే నలుగురు తొక్కారు. నిచ్చెన భుజంలో పెంకు దిగి, తియ్యబోతే లోపలే విరిగింది. నా మొగుడి నెత్తి పగిలింది. ఎదురింటి పిన్ని ఇటుకతో ఒకడి దవడ పగలగొట్టింది.

అన్న చేతి కుట్లు తెగిపోయాయి. రక్తం కారుతున్న చెయ్యి ముందుకి చాపి, గార్డుల వైపు నడిచాడు.

"దీనికేగా భయపడ్డారు? రండి. పట్టుకోండి."

లాఠీలు పట్టుకున్నవాళ్లు వెనక్కి నడిచారు. వాడు ఒక అడుగు వేస్తే వాళ్లు రెండడుగులు. అలా మేనేజరు గది గుమ్మం దాకా పోయాడు. ఆ గుమ్మం మీద వాడి రక్తం చుక్కలు చాలా రోజులు ఎవరూ కడగలేదు, ముట్టుకోవడానికి భయపడి.

సాయంత్రానికి మందుల గది తాళం తీశారు. పనిలోంచి తీసినవాళ్లని తిరిగి రమ్మన్నారు.

అన్న చేతికి మళ్లీ కట్టు కడుతూ నర్సు తిట్టింది. "రక్తం చూపించి బెదిరించావట. రేపు మందుకి రావాల్సినవాళ్లు నిన్ను చూసి ఇంకా దాక్కుంటారు. బుద్ధుందా నీకు?"

"లేదు," అన్నాడు అన్న.

*

మాత్రలు వానలకి ముందే వచ్చాయి. నర్సుకి రోజూ రావడం కుదరదు. పొద్దున్నే గది తెరిచి, ఎవరి మాత్ర వాళ్లకిచ్చి, మింగేదాకా చూసేందుకు ఇక్కడి మనిషి ఒకరు కావాలంది. మేనేజరు ఎవర్నో చెప్పబోయాడు. నిచ్చెన అడ్డుపడ్డాడు.

"కుట్లత్తని పెట్టండి. ఎగ్గొట్టినవాణ్ణి ఇంటికొచ్చి మరీ తిడుతుంది."

మొదటి రోజు సైరన్ కన్నా ముందే గేటు దగ్గర వరస కట్టారు. నా మొగుడు నెత్తికి కట్టుతో నిలబడ్డాడు. వాడి వెనక ఇద్దరి తర్వాత అన్న. అత్త బల్ల వెనక కూర్చుంది. ముందుగా తన మాత్ర తను మింగి, నాలుక చాపి వరసకి చూపించింది. కొందరు నవ్వారు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. కట్టు విప్పారు గాని వేళ్లు ముడుచుకోవు. ఆ చెయ్యి ఇంక సూది పట్టదని డాక్టరు చెప్పేశాడు.

కొడుక్కి మాత్ర ఇచ్చింది. వాడు మింగి, పోకుండా పక్కనే నిలబడ్డాడు. తర్వాతి ఇద్దరూ మింగారు. అన్న బల్ల ముందుకి వచ్చాడు. నా మొగుడి పిడికిలి బిగుసుకోవడం చూసి నేను ఒక అడుగు ముందుకి వేశాను.

అత్త ఎడమచేత్తో డబ్బా మూత తీసింది. ఆ చేత్తోనే మాత్ర తీసి ముందుకి చాపింది.

"ఎడంచెయ్యి," అంది. "ఏమీ అనుకోకు నాయనా."

అన్న రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆవిడ మాత్ర దోసిలి మధ్యలో పెట్టి, వాడి వేళ్లు తనే మూసింది. నీళ్ల గ్లాసు ముందుకి జరిపింది. వాడు మింగేదాకా చూసింది. నోరు తెరిపించి చూసింది.

"అయిపోయింది," అంది. "తర్వాతెవరు?"